అన్‌ఫిట్ కావలసిన మనిషి

మా కాలనీలో ఒక మనిషి ఛాతీ చెడిపోయిందని డాక్టర్లు తేలిస్తే ఇంటింటికీ మిఠాయి పంచేవారు. ఈ మాట బయటివాళ్లకు చెబితే నమ్మరు, చెప్పిన నన్నే అదోలా చూస్తారు. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసే మనిషి ఇక ఆ పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే ఆ కొలువు అతని కొడుక్కు వస్తుంది. మావాళ్లు దాన్ని 'అన్‌ఫిట్ కావడం' అనేవారు. "వాళ్ల నాయిన అన్‌ఫిట్ అయిండట, పోరని నసీబ్ మంచిగున్నది" అని ఒకరి కొడుకును చూసి ఇంకొకరి కొడుకు కుళ్లుకునేవాడు. బోర్డు నుంచి ఫిట్ అని తిరిగొచ్చిన మనిషిని మాత్రం పరామర్శించడానికి పోయేవారు. నేను పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి చాలాకాలం నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

మా నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాణ్ని. బాపు గనిలో ఫిల్లర్‌గా చేరాడు. పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి టబ్బుల్లో నింపడం ఆ పని. ఆయన ఒక్కడే లోపలికి దిగేవాడు గానీ నిజానికి ఇంటిల్లిపాదిమీ ఆ గనిలోనే ఉన్నాం. క్వార్టర్ గనిది. నల్లా గనిది. రోగమొస్తే పోయే దవాఖాన గనిది. అవ్వ వంటచేసే పొయ్యిలో బొగ్గు కూడా గనిదే. బాపు రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి, ఖాళీ చేస్తే తలదాచుకోవడానికి సొంత ఊళ్లో మాకొక గోడ కూడా లేదు. అందుకని ఆయన రిటైర్ కాకముందే అన్‌ఫిట్ కావాలి. కొలువుకు నా వయసు దాటిపోకముందే కావాలి. మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టినప్పుడల్లా అవ్వ కోరుకునే కోరిక అదొక్కటే.

నాకేమో గని అంటే భయం. చిన్నప్పుడు కార్మికుల పిల్లలను ఒకసారి గని చూపించడానికి తీసుకుపోయారు. లోపలికి పోయాక, చీకటి ఎట్లా ఉంటుందో చూడండని ఒక ఆఫీసరు అందరి దీపాలూ ఆర్పించాడు. మిగతా పిల్లలు కేకలేసి నవ్వారు. నాకు ఊపిరాడలేదు. నా చేయి నాకే కనిపించకపోతే నేనున్నానో లేనో అనిపించింది. బయటికొచ్చి ఎండలో కూర్చున్నాక గానీ నా గుండె కుదుటపడలేదు. ఆ సంగతి బాపుకు చెబితే, "కొత్తల గట్లనే ఉంటది, అలవాటైతది" అన్నాడు. ఆయన దృష్టిలో నేను అప్పటికే లోపలికి దిగిన మనిషిని.

ఐటీఐ చదివి, కొలువు కోసం ఎదురుచూస్తూ కాలనీలో తిరగడం చేతకాక తొర్రూరు పోయాను. అక్కడ ఒక బ్యాటరీల దుకాణంలో పనికి కుదిరాను. వారానికోసారి బస్సులో భూపాలపల్లి వచ్చి బాపును, అవ్వను, పెళ్లయ్యాక నా భార్యను చూసిపోయేవాణ్ని. దుకాణం సేటు గడుసువాడు. కరెంటు కోతలు ముదురుతున్నకొద్దీ ఇన్వర్టర్లు అమ్మాడు, కరెంటు బొత్తిగా రాని తండాలకు సోలార్ ప్లేట్లు అమ్మాడు. బండి మీద ప్లేటు కట్టుకుని మహబూబాబాద్ వైపు తండాలకు పోయి బిగించి రావడం నా పని. గుడిసె మీదికెక్కి నేను ప్లేటు బిగిస్తుంటే కింద నిలబడ్డ ముసలమ్మలు తమ భాషలో ఏదో అనుకుని నవ్వేవారు. నాకు అర్థమయ్యేది కాదు. పొద్దుగూకేసరికి ఇంట్లో బల్బు వెలిగితే మాత్రం నా చేతిలో బెల్లం చాయ్ పెట్టేవారు. ఆ పని నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్లినప్పుడు అదేపనిగా దాని గురించే చెప్పేవాణ్ని. అవ్వ వినీ విననట్టు ఉండేది. "అన్నీ బాగనే ఉన్నయి బిడ్డా, కొలువు ఎప్పుడొస్తది?" అనేది చివరికి.

సకల జనుల సమ్మె వచ్చినప్పుడు గనులు ఆగాయి. బళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతబడ్డాయి. బాపు జీవితంలో అంత హుషారుగా నేనాయన్ను చూడలేదు. పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని సమ్మె టెంటులో కూర్చునేవాడు. "తెలంగాణ వస్తే వారసత్వ కొలువులు అడగకుండనే ఇస్తరు. గీ బోర్డుల సుట్టు తిరుగుడు ఉండదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. బొగ్గు రాకపోయేసరికి కరెంటు తయారుకాలేదు. కరెంటు లేకపోయేసరికి తొర్రూరులో మా దుకాణం ముందు జనం లైను కట్టారు. తండ్రి సమ్మె చేస్తుంటే కొడుకు గిరాకీ పెరిగింది. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అప్పుడే దేవరుప్పుల దగ్గరి ఊరి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. అవ్వకు తమ్ముడు, చిన్న రైతు. బాపును ఆటపట్టించడం అంటే ఆయనకు చెడ్డ సరదా.

"బావా, మీరు బొగ్గు బంద్ పెడితిరి, నా మోటరు బంద్ అయె. వరి పొట్టకొచ్చి ఎండుతున్నది. ఎవలకు చెప్పుకోవాలె చెప్పు" అన్నాడు.

"జై తెలంగాణ అన్నప్పుడు నా కన్న ఎక్కువ నువ్వే అరిసినవు గద" అన్నాడు బాపు.

"ఇప్పుడు గూడ అంటున్న. వరి వింటలేదు."

బాపు నవ్వాడు గానీ ఆ మాట ఆయన మనసులో పడింది. తాము పని ఆపడం వల్ల బామ్మర్ది పొలం ఎండడం ఆయనకు తల కొట్టేసినట్టయింది. నావైపు తిరిగి, "నీ ప్లేట్లు నీళ్లు తోడుతయారా?" అని అడిగాడు. నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

తోడతాయి. సేటు అంతకుముందే ఎక్కడినుంచో ఒక చిన్న సోలార్ మోటారు తెప్పించి, కొనేవాడు లేక దుకాణం మూలన పడేశాడు. నడిస్తే చూపించి నలుగురికి అమ్ముకోవచ్చని ఆశ పెట్టి దాన్ని మామ బావికి ఇప్పించాను. ఊరూరా కొత్త సరుకు ఒకరి దగ్గర ఊరికే పెట్టి చూపించడం సేటుకు అలవాటే. బస్సులు లేవు కాబట్టి బాపును నా బండి మీదే ఎక్కించుకుని భూపాలపల్లి నుంచి బయల్దేరాను. రేగొండ దగ్గర రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బొగ్గు బాయి మనిషని తెలిసి బాపును వదల్లేదు. బాపు విస్తరి ముందు కూర్చుని, పప్పుచారు పోయించుకుని, అడిగినవాడికల్లా మా గనిలో సమ్మె ఎట్లా నడుస్తున్నదో చెప్పాడు. నేను బండి దగ్గర నిలబడి చేతిగడియారం చూసుకుంటూ విసుక్కున్నాను.

మామ బావి దగ్గర ఇనుప స్టాండు మీద ప్లేట్లు బిగించాను. అవి పొద్దుతోపాటు తిరిగే రకం కావు, మనిషే తిప్పాలి. పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం నడినెత్తికి, సాయంత్రం పడమటికి. తిప్పకపోతే నీళ్లు సన్నబడతాయి. సమ్మె అయ్యేదాకా అక్కడే ఉండిపోయి ఆ పని బాపు తీసుకున్నాడు. తూర్పుకు తిప్పితే మొదటి షిఫ్ట్ అన్నాడు. పడమటికి తిప్పితే రెండో షిఫ్ట్. మధ్యలో జనరల్ షిఫ్ట్. పొద్దుగూకాక ప్లేట్లను తడిగుడ్డతో తుడిచి, "షిఫ్ట్ దిగినయి" అనేవాడు. మామ ఇంటికి రమ్మన్నా బావిగడ్డనే కూర్చునేవాడు. పార పట్టి కాలువలు తీశాడు. బావి దగ్గరి మడులకు నీళ్లు అందాయి, పొట్టమీదున్న వరి గింజ పట్టింది. దూరపు మడులు మాత్రం ఎండిపోయాయి. చిన్న మోటారు, అంతకంటే లాగదు.

తీరిక దొరికినప్పుడల్లా తొర్రూరు నుంచి పోయి చూసి వచ్చేవాణ్ని. పోయిన ప్రతిసారీ బాపు మారి కనిపించాడు. జొన్నరొట్టె, చల్ల, రోజంతా ఎండ. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి పొద్దున లేవగానే ఆయన దగ్గే దగ్గు ఒకటుండేది, క్వార్టర్లో మాకందరికీ అదే గడియారం. అది తగ్గింది. గోళ్లలో నలుపు పోయింది. మామతో పందెం వేసి బావి మెట్లు దిగి ఎక్కాడట. ఆ సంగతి మామ చెప్పినప్పుడు నాకు కడుపు నిండినట్టయింది. ఆ సంతోషంలోనే ధైర్యం తెచ్చుకుని బాపుతో చెప్పేశాను.

"బాపూ, నాకు బాయి కొలువు వద్దు. నేను గిదే పని చేసుకుంట."

ఆయన ప్లేట్లు తిప్పే వేళ కాకపోయినా లేచి స్టాండు బోల్టులు చూశాడు. జవాబు ఆ తర్వాతి సారి పోయినప్పుడు వచ్చింది. ఆ రోజు ఆకాశమంతా మబ్బు. మోటారు మూలిగి ఆగిపోయింది. బాపు గట్టున కూర్చుని ఆకాశం వైపు చూపించాడు.

"చూసినవా, ఇయ్యాల మీ సారు డ్యూటీకి రాలే. వానకాలమంత రాకుంటె పిల్లలకు ఏం పెడతవ్? బాయిల గట్లుండదు. మస్టర్ పడ్డదంటె జీతం పడ్డట్టే."

"బాయిల పానం పోతది గద బాపూ."

"నాది పోయిందా? కూసుండి మాట్లాడుతలేనా?"

ఆయన ముఖం నిగనిగలాడుతోంది.

సమ్మె ఆగింది. రాష్ట్రం రాలేదు. అందరూ నోరు చేదెక్కినట్టు మళ్లీ పనుల్లోకి పోయారు. దీపావళి దాటాక బాపుకు మెడికల్ బోర్డు పిలుపు వచ్చింది. అప్పుడు గానీ మావాళ్లకు జరిగిన పొరపాటు తెలిసి రాలేదు. బోర్డుకు పోయే మనిషి ముందు నుంచీ ఒళ్లు చెడగొట్టుకోవాలి. బీడీలు పెంచాలి, నిద్ర తగ్గించాలి, దుమ్మున్న చోటే పని అడిగి చేయాలి. ఇది కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సూత్రం. మా బాపు సమ్మె పొడుగునా ఎండలో పొలం చేసి, జొన్నరొట్టె తిని, గాలి మార్చుకుని వచ్చాడు. పక్క క్వార్టర్ పెద్దమనిషి వచ్చి ఆయన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందన్నా గిట్ల చేసుకున్నవ్" అన్నాడు. ఇంట్లో ఎవరో పోయినట్టుగా అన్నాడు. అవ్వ తమ్ముణ్ని ఫోన్లో తిట్టింది, జొన్నరొట్టెలు ఎవరు పెట్టమన్నారని.

బోర్డు దినం నేనే తోడుపోయాను. పెద్ద దవాఖాన మెట్లు బాపు కావాలని గబగబా ఎక్కి దిగాడు. ఆయాసం రాలేదు. లోపలికి పోయేముందు దగ్గి చూసుకున్నాడు, అదీ సరిగ్గా రాలేదు. చాలాసేపటికి బయటికొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ముఖం చూస్తే తెలిసిపోయింది.

"గొట్టం ఇచ్చి ఊదుమన్నరు. మెల్లగ ఊదుదామనే ఉన్న. 'గట్టిగా ఊదు పెద్దాయనా' అన్నడు సారు" అన్నాడు.

"మరి?"

"ఊదిన."

"ఎందుకు ఊదినవ్ బాపూ?"

"ఆఫీసరు గట్టిగ అన్నడు గదర" అన్నాడు ఆయన. ఇంతకాలంగా గనిలో పని చేయించే ఓవర్‌మన్ ఎత్తమంటే ఎత్తాడు, లాగమంటే లాగాడు. గట్టిగా చేయమంటే మెల్లగా చేయడం ఆయన ఒంటికి తెలియదు. డాక్టరు వీపు తట్టి, గని మనిషికి ఈ వయసులో ఇంత మంచి ఊపిరి ఉండడం అరుదు, సంతోషంగా పోయి పని చేసుకోమన్నాడట. బాపు తల వంచుకుని ఏడ్చాడు. నా గుండె మీది బండ దిగింది. అదే సమయంలో ఆయన్ను చూస్తే నాకూ ఏడుపొచ్చింది. ఆయన బాగుంటే ఆయన లోపల ఉండాలి, ఆయన చెడితే నేను లోపలికి పోవాలి. మూడో దారి ఏదైనా ఉందేమోనని బస్సులో వస్తున్నంతసేపూ వెతికాను.

ఇంటికి రాగానే అవ్వ విషయం విని గడప మీద కూలబడింది. "జర మెల్లగ ఊదితె నీ ముల్లె ఏమన్న పోతుండెనా?" అంది. సాయంత్రం ఇరుగుపొరుగు పరామర్శకు వచ్చారు. వాళ్లకు చాయ్ పోస్తూ నేను మళ్లీ కొలువు వద్దనే మాట ఎత్తాను. అందరూ పోయాక నా భార్య బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని నన్ను అడిగింది.

"నువ్వు బాయిల దిగుతుంటె నాకు మాత్రం ఇష్టమా? కాని ఈ పిల్లకు జరమొస్తె ఏ దవాఖానకు తోలుకపోవాలె? క్వార్టర్ పోయినంక ఏడ పండవెట్టాలె? నువ్వే చెప్పు, నేను వింట."

నేను తొర్రూరు అన్నాను. అక్కడ నేనుండేది దుకాణం వెనక రేకుల గది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

తొర్రూరు కూడా ఎక్కువకాలం నిలవలేదు. బొగ్గు మళ్లీ కదిలింది, కరెంటు కొంచెం కుదుటపడింది. మా దుకాణం ముందు లైను మాయమైంది. ఉచిత కరెంటు ఉండగా ఈ ప్లేట్లు తిప్పుకుంటూ ఎవడు కూర్చుంటాడని రైతులు అన్నారు. మామ కూడా పాత మోటారుకే తిరిగిపోయాడు. నన్ను చూసి మొహమాటపడి, "నీళ్లు సన్నగొస్తున్నయి అల్లుడా" అన్నాడు. సేటు తన సామాను విప్పుకురమ్మని నన్నే పంపాడు. నేను బిగించిన బోల్టులు నేనే విప్పాను. ఆ తర్వాత పని ఉన్ననాడు రమ్మన్నాడు, లేనినాడు వద్దన్నాడు. నాకు సేటు మీద కోపం, రైతుల మీద కోపం, మబ్బుల మీద కూడా కోపం. ఎండ రోజూ వస్తూనే ఉంది, దాన్ని పట్టుకుని బతికే దారే నాకు దొరకలేదు. నాలుగేళ్లు ఆగితే మంచి రోజులొస్తాయని నాకు అనిపించేది, కానీ వయసు గడువు నాలుగేళ్లు ఆగేది కాదు.

ఖాళీ దినాలు పెరిగి నేను క్వార్టర్లోనే ఎక్కువగా ఉంటున్న రోజుల్లో, అవ్వ ఒక మధ్యాహ్నం బట్టలు ఉతుకుతూ నన్ను పిలిచింది. బాపు గనిలో ముక్కుకు, నోటికి కట్టుకునే తువ్వాల చేతికిచ్చింది. దుమ్ము లోపలికి పోకుండా ఆయన చేరిన కొత్తలో మొదలుపెట్టిన అలవాటది. షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అది బొగ్గుపెళ్ల లాగ ఉండేది. అవ్వ ఎంత ఉతికినా నీళ్లు నల్లగానే పోయేవి.

"చూడు" అంది.

తువ్వాల తెల్లగా ఉంది. మడత కూడా విప్పలేదు.

"ఎన్ని దినాల నుంచి?" అన్నాను.

"బోర్డు నుంచి వచ్చినప్పటి సంది." అవ్వ నా ముఖం చూడలేదు. "అడిగితె చెమటకు కడతలేనంటడు. నువ్వు చెప్పు బిడ్డా. నేను ఏమని చెప్పాలె? కట్టుకో అని చెప్పాల్నా, వద్దని చెప్పాల్నా?"

ఆమె దేవుడికి ఏం మొక్కుతుందో ఆమెకు గుర్తొచ్చినట్టుంది. కూర్చున్నచోటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపు షిఫ్ట్ నుంచి వచ్చాక ఆయనకు ఎదురుపోయి అడిగాను. కట్టుకొమ్మని బతిమాలాను. నాకు కొలువు వద్దని, ఆయన అన్‌ఫిట్ అయినా నేను చేరనని గొంతు చించుకున్నాను. ఆయన సైకిల్ స్టాండు వేసి, తాపీగా కాళ్లు కడుక్కున్నాడు.

"నువ్వు వద్దంటె నీ ఇష్టం. మల్ల బోర్డు పిలిచేదాక నా పని నన్ను చెయ్యనియ్" అన్నాడు.

పొద్దుటి దగ్గు తిరిగి వచ్చింది. మొదట ఎప్పటిలాగానే ఉండి, తర్వాత ముదిరింది. కల్లాపి చల్లే అవ్వ ఆ దగ్గు వినపడగానే చేయి ఆపి నిలబడేది. రెండోసారి బోర్డుకు పోయినప్పుడు ఆయన మెట్లు ఎక్కనేలేదు, లిఫ్టులో పోయాం. గొట్టం ఇచ్చి ఊదమన్నప్పుడు నేను తలుపు సందులోంచి చూశాను. డాక్టరు గట్టిగా అన్నాడు. బాపు గట్టిగానే ఊదాడు. ఈసారి ఆయన బలమంతా పెట్టినా సరిపోలేదు.

అవ్వ మిఠాయి పంచింది. పంచుతూ ఏడ్చింది. చూసినవాళ్లు ఆనందబాష్పాలనుకున్నారు. నేను చేరనన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన తన ఛాతీ ఇచ్చి తెచ్చిన కొలువును వద్దనడానికి నాకు నోరు రాలేదు. వద్దని చెబితే ఆయన ఊరికే చెడిపోయినవాడవుతాడు. ఆ లెక్క ఆయన ముందే వేసుకున్నాడని నాకప్పుడు అర్థమైంది.

మొదటి షిఫ్టుకు బాపు నాతోపాటు గని దాకా వచ్చాడు. వద్దంటే వినలేదు. దారిలో తెలిసినవాళ్లందరికీ నన్ను చూపించాడు, కొత్తవాడు జర చూసుకోండన్నాడు. టోపీ, దీపం తీసుకుని నేను లైన్లో నిలబడ్డాను. వెనక్కి తిరిగి ఎండలోకి పరుగెత్తాలని ఉంది. అప్పుడు ఆయన దగ్గరికొచ్చి, భుజం మీది తువ్వాల తీసి, నా ముక్కు మీదుగా చుట్టి తల వెనక ముడి వేశాడు. వదులుగా ఉందని విప్పి మళ్లీ బిగించాడు.

"దుమ్ము మంచిది కాదు బిడ్డా. షిఫ్ట్ అయ్యేదాక గిది ఇప్పకు" అన్నాడు. ఆ మాట పూర్తి చేయడానికి ఆయన మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.